మూడో గేటు తర్వాత

నీ నోట్‌బుక్కులో ఈ చోటు పదిహేడో పేజీ, మర్డో.
మొదట నీలి సిరా, తర్వాత పెన్సిలు, ఆఖరున
ఏ పెట్రోలు బంకులోనో అడిగి పుచ్చుకున్న ఎర్ర పెన్ను.

"మటౌరా. ఇనుప వంతెన దాటాక మూడో గేటు.
ఒడ్డు వాలుగా ఉంది, గులకరాయి, మోకాళ్లకు సుఖం.
వెనక ఇరవై గజాల దాకా చెట్టూ చేమా లేదు,
దారం ఎంత దూరమైనా విసరొచ్చు.
గుడారానికి చదును నేల. కుక్క ఉంది."
పక్కనే, నాలుగేళ్ల తర్వాత: "కుక్క లేదు."
దాని కింద ఎర్రగా: "కొత్త కుక్క. పాతదే నయం."

ఎన్ని చేపలు పడ్డాయో, ఎంతెంత పొడుగో
ఈ పుస్తకం మొత్తంలో ఒక్క అంకె లేదు.
అడిగితే, "చేప మనిషి చేత అబద్ధాలాడిస్తుంది,
ఒడ్డు అలా కాదు" అన్నావు.

ఒడ్డూ ఆడించింది.

బడి బస్సు తాళాలు మూడు రోజులకని ఐలీన్‌కి ఇచ్చి వచ్చాను.
వంతెన దొరికింది. గేట్లు లెక్కపెట్టాను.
మూడోదానికి గడియ లేదు, తీగ ముడి, అదీ నువ్వు రాసినట్టే.
నడుం దాకా గడ్డి.
నీటి చప్పుడు మాత్రం రావలసిన వైపు నుంచి రావడం లేదు.

నీ వాలు ఉన్నచోట ఇప్పుడు ఒక మడుగు,
అందులో ఆరు బాతులు, వాటికి నా మీద అనుమానం.
నది నలభై అడుగులు ఎడమకి జరిగిపోయింది.
అక్కడ మట్టిని కోసేసి నిలువెత్తు దరి మిగిల్చింది,
దరి కింద విల్లో వేళ్లు
పాత బస్సు అడుగున వేలాడే వైర్లలా.
అంచున నిలబడి చూశాను. చేపలు కనిపిస్తున్నాయి కూడా.
చేతికర్ర ఉంది, ఈగలున్నాయి, లైసెన్సు ఉంది,
దిగే చోటు లేదు.
ఒడ్డు ప్రతి నదికీ ఉంటుంది. రేవే ఉండదు.

నాలుగు చక్రాల మోటారు బండి మీద ఒకావిడ వచ్చి ఆగింది.
వైమారీ అట, ఈ గొర్రెలన్నీ ఆవిడవే.
నోట్‌బుక్కు చూసి, "మర్డో మనిషివా?" అంది.
"ఏటా డిసెంబరులో వచ్చి నా కుక్కని తిట్టి పోయేవాడు.
ఆయన రాలేదా?"
"ఈసారికి రాలేదు" అన్నాను.
ఆవిడ కాసేపు బాతుల వైపు చూసింది.
"పోయినేడు వరదకి ఇదంతా మారింది.
ఆ పోప్లర్ల అవతలికి పో. మా మావయ్య
ట్రాక్టరు దాటించిన చోటు. ఇప్పుడెవరూ దాటరు.
గేటు మాత్రం మూసెయ్యి."

రెండు చక్రాల గాడి, గడ్డి కప్పేసినా కాలికి తెలుస్తూనే ఉంది.
అది నేరుగా నీళ్లలోకి దిగిపోయింది,
ఇంటిమనిషి పెరట్లోకి వెళ్లినంత తేలిగ్గా.

గుడారం వేశాను. ఇసుక ఈగలు చెవులు కొరికాయి.
పొద్దు వాలేసరికి నీటి మీద రెక్కల పురుగులు లేచాయి,
తొలకరికి ఉసిళ్లు లేచినట్టు, గుంపులు గుంపులుగా.
ఈకా దారమూ చుట్టి నువ్వు కట్టిన ఉత్తుత్తి ఈగని తగిలించాను.
వెనక్కి విసిరి ఆగు, అనేవాడివి. చాలామంది ఆగరు.
నేను ఆగుతాను,
బస్సు తలుపు మూసేముందు ఆగినట్టు,
ఇంకో పిల్ల ఎవరైనా పరిగెత్తుకొస్తోందేమోనని.
అప్పుడు ముందుకి.

ఒకటి పడింది. వదిలేశాను.
ఎంత పొడుగో రాయను.

టార్చి వెలుగులో, పదిహేడో పేజీ, ఆకుపచ్చ పెన్ను:
"మూడో గేటు సరే. ఒడ్డు లేదు, బాతులున్నాయి.
పోప్లర్ల అవతల ట్రాక్టరు రేవు. మోకాలి లోతు,
ఏడడుగులు వేశాక నడుం లోతు. వెనక అడ్డం లేదు.
కుక్క వచ్చి గుడారం ముందు పడుకుంది.
ముసలిది. మంచిదే.
ముందు నువ్వే ఏదో అని ఉంటావు."